చొక్కా పాట

మాంట్రియల్,
1988 నవంబరు 6

బిబియాన్ అత్తకు,

నీకు ఉత్తరం రాసి నెల దాటింది. తీరిక లేక కాదు, సాయంత్రానికి మాటలు మిగలడం లేదు. పొద్దున తొమ్మిది నుంచి ఒంటిగంట దాకా ఇంగ్లీషు. నేర్పే ఆవిడ నాలుక పళ్ళ మధ్య పెట్టి పలకమంటుంది. నీ స్కూలు బస్సులో అలా నాలుక బయటపెట్టిన పిల్లల్ని నువ్వు ముందు సీటులో కూర్చోబెట్టేదానివి. మధ్యాహ్నం నుంచి పాడటం. సగం మాటలకు అర్థం తెలియదు. ముందు పలకడం రానివ్వు, అర్థం వెనకే వస్తుందంటారు.

ఈ రికార్డు చేయిస్తున్నది డెస్మండ్ అనే లండన్ మనిషి. మన ఇంటిపేరు వాళ్ళ నోటికి తిరగదని తీసేశారు. అట్ట మీద గాద్‌బ్వా ఉండదు, ఉత్త నోయెలా. నాన్న ఉంటే ఏమనేవాడో తెలియదు. "ఈ నది పొడుగునా నిన్ను ఎరగనివాళ్ళు లేరు. సముద్రం దాటితే నువ్వెవరు?" అంటాడు డెస్మండ్. కోపంగా అనడు. ఉన్న మాటే అంటాడు.

అసలు సంగతి రాస్తాను. గురువారం గొంతు సవరించుకుంటూ నడవాలో చొక్కా పాట అందుకున్నాను. నాకు తెలియకుండానే వచ్చింది. అతను తలుపు తీసుకుని బయటికొచ్చి నిలబడ్డాడు.

"అదెవరిది?" అన్నాడు.

"మా మేనత్తది."

"రాసిందెవరని అడుగుతున్నాను."

"మా మేనత్తదని చెప్పానుగా" అన్నాను. నవ్వాడు. కానీ ఆ పాట రికార్డులో ఉండి తీరాలంటున్నాడు.

పాట నీదని నాకు తెలుసు. మన ఊళ్ళో ఎవరి పాట వాళ్ళదేననీ, నువ్వు ఉండగా ఇంకొకరు ఎత్తుకోకూడదనీ తెలుసు. అందుకే అడుగుతున్నాను. ఇరవయ్యో తేదీలోగా ఒక్క ముక్క రాయి. జనవరి ఒకటి విందుకు నేను రాలేను, ఆ వారం లండన్‌లో పని ఉంది. రొజేర్ అన్నయ్యకు నువ్వే చెప్పు. నేను చెబితే వెక్కిరిస్తాడు.

నీ
నోయెలా


లండన్,
1988 డిసెంబరు 2

అత్తకు,

నీ దగ్గర్నుంచి ఏమీ రాలేదు. ఇరవయ్యో తేదీ దాటి, ఇంకో వారం కూడా ఆగమన్నాను. ఆగారు. నీకు ఇష్టం లేకపోతే రాసేదానివే కదా. మౌనం అంగీకారమని అనుకుంటున్నాను. సోమవారం ఆ పాట రికార్డు చేశాం.

ఇక్కడ మంచు లేదు, వాన. హోటల్లో రొట్టె మెత్తగా, దూదిలా ఉంటుంది. గొంతు బాగానే ఉంది. నీ ఆరోగ్యం జాగ్రత్త.

నోయెలా


సాంత్-ఒనొరిన్,
1988 డిసెంబరు 19

నోయెలాకు,

ఇక్కడ పదకొండో తేదీ నుంచి మంచు ఆగలేదు. మంచు తీసే బండి మన మూడో వరుస పొలాల బాట చివరిదాకా రావడం లేదు. బస్సు వంతెన దగ్గర ఆపుకుని పిల్లల్ని నడిపించుకొస్తున్నాను. ఈ ఏడు పద్దెనిమిది మంది. లాబ్రెక్ వాళ్ళ చిన్నది చేతితొడుగులు పారేసుకోవడం ఇది మూడోసారి. నావి ఇచ్చాను.

సహకార సంఘం దుకాణానికి కొత్త పొయ్యి పెట్టారు. పైన నా గదిలోకి కూడా వేడి వస్తోంది. ఈ చలికాలం కట్టెలు మిగులుతాయి.

కొత్త సంవత్సరం విందు మామూలుగా రొజేర్ ఇంట్లోనే. నువ్వు రావని ఫిలియాస్ తాతతో చెప్పాను. "ఎందుకు రాదు?" అని రెండుసార్లు అడిగాడు. ఆయన మోకాలు మళ్ళీ వాచింది. అయినా కూర్చుని మడమలతో తాళం వేస్తానంటున్నాడు. మోకాలుకీ మడమకీ సంబంధం లేదట.

నీ రెండు ఉత్తరాలూ అందాయి.

మేనత్త
బిబియాన్


లండన్,
1989 మే 28

ప్రియమైన అత్తకు,

ఈ ఉత్తరంతో పాటు రికార్డు వస్తుంది. విడిగా పంపాను, పగలకుండా రెండు అట్టల మధ్య పెట్టించాను.

చొక్కా పాట ఈ దేశంలో ఈ వారం రెండో స్థానంలో ఉంది. జర్మనీలో, హాలండ్‌లో కూడా ఎక్కుతోందట. నేను కారు దిగితే నా పేరు పిలుస్తున్నారు. పోయిన శనివారం మాంచెస్టర్‌లో ఎనిమిది వేల మంది. నేను మొదటి చరణం పాడి, వంత దగ్గర అలవాటుగా ఆగాను. మన వంటింట్లో ఆగినట్టే. ఎవరూ చెప్పకుండానే అందరూ పలికారు. "బూట్లు ఉంచుకో నదీ, చొక్కా ఇంటికి పంపు." ఇంగ్లీషులోనే అనుకో. నువ్వు గుర్తొచ్చావు.

పాట కొంచెం మారింది, ముందే చెబుతున్నాను. ఏడు చరణాలు ఎక్కువని మూడు చేశారు. చివర్లో మనిషి ఇంటికి తిరిగొస్తాడు. చావుతో ముగిసే పాట రేడియోలో పెట్టరని అన్నారు.

వచ్చే జనవరి ఒకటిన తప్పకుండా వస్తాను. ఒప్పందంలో ఆ రెండు రోజులూ రాయించుకున్నాను. ఫిలియాస్ తాతకు చెప్పు.

నీ
నోయెలా


సాంత్-ఒనొరిన్,
1989 జూన్ 18

నోయెలాకు,

రికార్డు పగలకుండా వచ్చింది. నాకు యంత్రం లేదు కాబట్టి రొజేర్ ఇంట్లో విన్నాను. నీ గొంతు బాగుంది. రొజేర్ రెండోసారి పెట్టబోయాడు. పాలు పితికే వేళైందని లేచాను. నాకు ఆవులు లేవని రొజేర్‌కి తెలుసు.

అట్ట వెనక ప్రతి పాట కింద ఒక పేరు ఉంది. దీని కింద మాత్రం 'సంప్రదాయ గీతం' అని వేశారు. సంప్రదాయం అనే మనిషిని నేను ఎరగను. ఆ పాట కట్టింది ఆల్దెజ్, మీ నాన్నమ్మ తమ్ముడు. 1921 వసంతంలో నది మీద దుంగలు తోలే పనికి వెళ్ళాడు. అతని పక్కన పనిచేసేవాడు దుంగల మధ్య జారి పడ్డాడు. పదకొండు రోజులు వెతికారు. చొక్కా దొరికింది, మనిషి దొరకలేదు. ఒడ్డున చెట్టుకు మేకు కొట్టి వాడి రెండో జత బూట్లు తగిలించారు. ఆల్దెజ్ ఆ చొక్కా తీసుకుని వాడి ఇంటికి నడిచి వెళ్ళాడు. ఆ నడకలో కట్టాడు. ఆల్దెజ్ పోయేముందు మా అమ్మకు ఇచ్చాడు. అమ్మ నాకు ఇచ్చింది. ముగ్గురం. నాకు ముగ్గురూ తెలుసు.

మనిషి తిరిగిరాలేదు, నోయెలా.

బస్సులో పిల్లలు నీ ఇంగ్లీషు పాట పాడుతున్నారు. పాడొద్దని ఎలా చెబుతాను. మొన్న శనివారం లాబ్రెక్ వాళ్ళింట్లో పెళ్ళి. నా వంతు వచ్చినప్పుడు, "నోయెలా పాట పాడు, బిబియాన్" అన్నారు. ఎవరూ ఎగతాళికి అనలేదు. గొంతు బాగాలేదని చెప్పి కూర్చున్నాను.

ఆలుగడ్డలు నాటడం అయింది.

మేనత్త
బిబియాన్


న్యూయార్క్,
1989 సెప్టెంబరు 10

అత్తకు,

నీ ఉత్తరం జూన్‌ది. ఆగస్టులో చేతికొచ్చింది. అప్పటినుంచి మూడుసార్లు రాసి చించేశాను. ఇది నాలుగోది.

నేను నిన్ను అడిగాను. దొంగతనంగా తీసుకోలేదు. గడువు చెప్పి, కారణం చెప్పి అడిగాను. నువ్వు జవాబు ఇవ్వలేదు. పెద్ద స్టూడియోలో పాతికమంది వాద్యాలు పట్టుకుని కూర్చుని ఉంటారు. మా మేనత్త ఉత్తరం రాలేదు, ఆగండి అని ఎన్నాళ్ళు చెప్పను? వద్దు అని ఒక్క మాట రాసి ఉంటే ఆ పాట ఉండేది కాదు. నువ్వు రాయలేదు. ఇప్పుడు తప్పంతా నాది.

ఈ పాటే లేకపోతే నన్ను ఈ ఊళ్ళోకి రానిచ్చేవాళ్ళు కారు. నిన్న ఇక్కడ టెలివిజన్‌లో పాడాను. ఎంతమంది చూశారో చెబితే నువ్వు నమ్మవు. ఆల్దెజ్ పాటను మన వంటింట్లో ముప్ఫైమంది విన్నారు. ఇప్పుడు లోకం వింటోంది. ఆయనకు ఇది అవమానమా? పాట ఆవు కాదు అత్తా, ఒకరి కొట్టంలో ఉంటే ఇంకొకరి కొట్టంలో లేకుండా పోవడానికి.

వచ్చే ముద్రణలో ఆల్దెజ్ పేరు వేయిస్తాను. అంతకుమించి నా చేతిలో ఏమీ లేదు.

నోయెలా


సాంత్-ఒనొరిన్,
1989 అక్టోబరు 9

నోయెలాకు,

నీకు చెప్పాల్సి వస్తుందని అనుకోలేదు. పరాయివాళ్ళకు చెప్పినట్టు చెబుతున్నాను, ఏమీ అనుకోకు.

1947లో ముసలి లాబ్రెక్ మా నాన్న దగ్గరికి వచ్చి, దున్నడానికి మా నల్లగుర్రం మూడు రోజులు ఇమ్మన్నాడు. నాన్న వాన గురించి మాట్లాడాడు. లాబ్రెక్ కూడా కాసేపు వాన గురించి మాట్లాడి, టీ తాగి, టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు. ఆ ఆదివారం ఇద్దరూ కలిసే చర్చికి వెళ్ళారు. మూడో వరుసలో ఎవరూ ముఖం మీద కాదని అనరు. అడిగినవాడు మళ్ళీ మర్నాడు నీ కంచె పక్కనే నిలబడాలి కదా. మాట అనిపించుకున్నవాడు తల దించుకోవాలి. ఏమీ అనకపోతే ఇద్దరూ తల ఎత్తుకుని ఉండొచ్చు.

నేను నీకు మొదట ఏమీ రాయలేదు, తర్వాత మంచు గురించి రాశాను.

మాంట్రియల్‌లో పదేళ్ళు ఉన్నావు. మర్చిపోయావేమో. అదే అనుకుని ఊరుకుంటున్నాను.

పొలం రొజేర్‌ది. ఇల్లు రొజేర్‌ది. నేనుండే గది సహకార సంఘానిది, బస్సు బడిది. వాటి గురించి నాకు ఏ బాధా లేదు. చలికాలంలో ఒక్క రోజు నా వంతు వచ్చినప్పుడు అందరూ నావైపు తిరిగేవాళ్ళు. ముప్ఫై ఒక్క ఏళ్ళు తిరిగారు. ఇది ఫిర్యాదు కాదు. నువ్వు అడిగావు కాబట్టి చెప్పాను.

జనవరికి వస్తానంటున్నావు. రా. దారి బాగుచేయిస్తానని రొజేర్ అంటున్నాడు. మహారాణికి మంచులో కారు కూరుకుపోకూడదట.

బిబియాన్


మాంట్రియల్,
1990 జనవరి 3

అత్తా,

నువ్వు కోటు వేసుకుని ముందే వెళ్ళిపోయావు. నీతో మాట్లాడటం కుదరలేదు. అందుకని రాస్తున్నాను.

నేను అనుకున్నది వేరు. ఏడు చరణాలూ, మన భాషలో, ఆల్దెజ్ కట్టినట్టే, నీ ఎదుట పాడితే సరిపోతుందనుకున్నాను. మూడు నెలలు సాధన చేశాను. విమానాల్లో, హోటల్ గదుల్లో. అది క్షమాపణ అనుకున్నాను.

ఫిలియాస్ తాత పాడాడు. అందరం వంత పలికాం. అన్నయ్య తన తాగుబోతు మేకపోతు పాట పాడాడు. అన్నీ బాగున్నాయి. "ఏమ్మా లండన్, గొంతుకు టీ కావాలా, జిన్ను కావాలా?" అన్నాడు నన్ను. నవ్వాను. నా వంతు వచ్చింది. మొదలుపెట్టాను. మొదటి చరణం అయింది. వంత దగ్గర ఆగాను.

ఎవరూ పలకలేదు.

వినపడలేదేమో అనుకున్నాను. ఆ వంటింట్లో వినపడకపోవడం ఏమిటి. మళ్ళీ అందుకున్నాను. ఫిలియాస్ తాత మడమలు ఆగిపోయాయి. అన్నయ్య తన గ్లాసులోకి చూస్తున్నాడు. వాడి పిల్లలు కూడా పలకలేదు, వాళ్ళకు ఎవరు చెప్పారో. నువ్వు లేచి మాంసం రొట్టె కోయడం మొదలుపెట్టావు. మూడోసారి నేను ప్రయత్నించలేదు. కూర్చున్నాను. పక్కవాళ్ళు తమ పాట ఎత్తుకున్నారు. అందరూ పలికారు. ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు. నా పళ్ళెంలో రొట్టె కూడా వేశారు.

నిన్న పొద్దున అన్నయ్య నన్ను స్టేషన్‌లో దింపాడు. రైలు వచ్చాక, "నువ్వు మర్చిపోయావని అత్త అందరికీ చెప్పిందే. పట్నంలో ఉండి మర్చిపోయింది పాపం, మీరేమీ అనకండి అని" అన్నాడు.

అత్తా, నేను మర్చిపోలేదు. రెండో ఉత్తరం రాసేటప్పుడు నాకు తెలుసు. నీ దగ్గర్నుంచి జవాబు రాలేదంటే ఏమిటో నాకు తెలుసు. నేను కూడా ఆ వంటింట్లోనే పెరిగాను. అడిగే ముందే, నువ్వు కాదని రాయవని తెలుసు. దాని మీదే లెక్క వేసుకున్నాను. మౌనం అంగీకారమని డెస్మండ్‌కి చెప్పినప్పుడు నా గొంతు మామూలుగానే ఉంది. వాళ్ళ ఊళ్ళో అది నిజమే కాబట్టి.

నువ్వు నా తరఫున మాట్లాడుతున్నావని తెలిశాక ఇది దాచుకోలేకపోయాను. వాళ్ళకు కూడా చెప్పు. చెప్పకపోతే నేనే అన్నయ్యకు రాస్తాను.

నోయెలా


సాంత్-ఒనొరిన్,
1990 ఫిబ్రవరి 4

నోయెలాకు,

నీ ఉత్తరం నాలుగు వారాలు బల్ల మీద ఉంది. ఈ ఆలస్యాన్ని దేనికింద లెక్క వేసుకుంటావో అని రాస్తున్నాను.

నాకు అనుమానం ఉండేది. నువ్వే చెప్పావు కాబట్టి ఇక అనుమానం లేదు. వాళ్ళకు చెప్పాను. ఫిలియాస్ తాత విని, "చెప్పింది కదా" అన్నాడు. అంతే అన్నాడు.

నేను కూడా ఒకటి చెప్పలేదు. నువ్వు లండన్‌లో ఉండిపోయిన ఆ జనవరి ఒకటిన పాట నీకు ఇద్దామనుకున్నాను. నీ మొదటి ఉత్తరం రాకముందే, అక్టోబరులోనే, ఫిలియాస్ తాతతో మాట్లాడాను. ఇవ్వడం ఎదురెదురుగా కూర్చుని, అందరి ముందూ జరగాలి. ఉత్తరంలో ఇచ్చేది కాదు. ఆ సంగతి ఉత్తరంలో రాస్తే నువ్వు దానికోసమే వచ్చేదానివి. నువ్వు ఊరికే రావాలని అనుకున్నాను. అది నా పొరపాటు కావచ్చు. నెల రోజులు ఆగి ఉంటే నీదయ్యేది.

ఇప్పుడు ఇవ్వలేను. కోపంతో కాదు. నా చేతిలోంచి లాక్కున్నదాన్ని నేనే ఇచ్చినట్టు నటించలేను, ఫిలియాస్ తాత ముందు అసలే చేయలేను.

కొత్త అట్ట మీద ఆల్దెజ్ పేరు చూశాను. సరిగ్గానే వేశారు. దానికి సంతోషం. అది వేరే సంగతి. బయట నువ్వు ఏం పాడతావో నీ ఇష్టం, జనం టిక్కెట్టు కొనుక్కుని వస్తారు. నేను ఏమీ అడగను.

మన వంటింటి సంగతి చెబుతాను. పాట లేనివాళ్ళు అక్కడ వంత పలుకుతారు. నువ్వు చిన్నప్పుడు పలికావు, నేను ఇరవై ఆరేళ్ళు వచ్చేదాకా పలికాను. అందులో తక్కువతనం ఏమీ లేదు. పలికేవాళ్ళు లేకపోతే ఏ పాటా నడవదని నువ్వు చూశావు.

వచ్చే జనవరి ఒకటిన నేను పాడతాను. లాబ్రెక్ వాళ్ళ పెళ్ళిలో కూర్చుండిపోయినప్పటి నుంచి పాడలేదు. గొంతు ఉందో లేదో తెలియదు. నువ్వు వస్తే కూర్చుని పలుకు. రాలేకపోతే రాలేనని రాయి, మంచు గురించి రాయకు.

మేనత్త
బిబియాన్


టొరంటో,
1990 నవంబరు 25

అత్తకు,

వస్తున్నాను. డిసెంబరు 31 రాత్రి టోక్యోలో పాడాల్సి ఉంది. వద్దని చెప్పాను. డెస్మండ్ మూడు రోజులు నాతో మాట్లాడలేదు, నాలుగో రోజు అరిచాడు. ఇక వాళ్ళు నన్ను పిలవరట. పిలవకపోవచ్చు.

ఆ వంటింటి నుంచి వచ్చాక ఆ పాట ఎక్కడా పాడలేదు. జనం అడుగుతారు, చివరిదాకా అడుగుతారు. వేరేది పాడి వచ్చేస్తాను. పత్రికల్లో ఏదో రాశారు, నాకు పొగరెక్కిందని. డెస్మండ్ ఒకరోజు కూర్చోబెట్టి కారణం అడిగితే చెప్పాను.

"ఆవిడ కేసు వేస్తానందా?"

"లేదు."

"పాడొద్దని అందా?"

"అనలేదు."

"మరి?" అన్నాడు.

మంచు బాగా పడుతోంది అన్నాను.

31న మధ్యాహ్నం రైలుకు దిగుతాను. అన్నయ్యకు దారి బాగుచేయించొద్దని చెప్పు. నడిచి వస్తాను.

నోయెలా


సాంత్-ఒనొరిన్,
1991 జనవరి 7

నోయెలాకు,

క్షేమంగా చేరావని రొజేర్ చెప్పాడు. ఇవాళ బడి తెరిచారు. బస్సు ఇంజను రెండోసారికి గానీ అందుకోలేదు.

నువ్వు వెళ్ళేటప్పుడు అడిగావు, ఎలా ఉందని. అందరి మధ్య చెప్పడం ఇష్టం లేక ఊరుకున్నాను. ఊరుకోవడాన్ని మరోలా తీసుకుంటావేమోనని ఇప్పుడు రాస్తున్నాను.

ఏడు చరణాలూ పూర్తి చేస్తానని అనుకోలేదు. అయిదో దానిలో నాకు మాట అడ్డుపడింది. ఆ మాట నీకు తెలుసు. నువ్వు అందించలేదు. ఆగావు. అందరితో పాటు ఆగావు. నేను వెతుక్కున్నాను, దొరికింది.

నువ్వు బల్ల చివర, పిల్లల పక్కన కూర్చున్నావు. నేను నీవైపు చూడలేదు. పాడేటప్పుడు నేను ఎవరివైపూ చూడను. కానీ ప్రతి వంత దగ్గరా విన్నాను. ఏడుసార్లూ విన్నాను. నీ గొంతు ఎవరి గొంతుకన్నా పైకి రాలేదు.

మేనత్త
బిబియాన్